వీడని ముడి: బుల్లితెర సైన్స్ ఫిక్షన్‌లో జవాబు చెప్పని రహస్యాలు

సైన్స్ ఫిక్షన్ ధారావాహికల్లో కొన్ని ప్రశ్నలకు కథ ముగిసినా జవాబు దొరకదు. రచయిత మరిచిపోయి కాదు, తెలిసే వదిలేస్తాడు. ప్రేక్షకుడు మాత్రం ఆ ప్రశ్నను వదలడు. ఈ పద్ధతికి తెలుగులో దగ్గరి ఉదాహరణ ‘కుడి ఎడమైతే’. పవన్ కుమార్ దర్శకత్వంలో ఎనిమిది ఎపిసోడ్లుగా 2021 జూలైలో ఆహాలో వచ్చింది. అమలా పాల్ పోలీసు అధికారి దుర్గగా, రాహుల్ విజయ్ ఫుడ్ డెలివరీ చేసే ఆదిగా నటించారు. ఆ ఇద్దరికీ పరిచయం లేదు. ఒక రోడ్డు ప్రమాదం వాళ్ళను కలుపుతుంది. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ అదే రోజు మొదటికొస్తుంది. ఊళ్ళో అందరికీ అది కొత్త రోజే. జరిగినదంతా గుర్తున్నది వీళ్ళిద్దరికే.

కాలం ఎందుకిలా చిక్కుపడిందో మొదటి సీజన్ విడమరచి చెప్పదు. యంత్రం లేదు, శాస్త్రవేత్త లేడు, శాపమూ లేదు. అయినా చూస్తున్నంతసేపూ ఆ లోటు బాధించదు. రోజు ఎక్కడ మొదలవుతుందో, ఎవరికి ఏది గుర్తుంటుందో, ఒక్క చిన్న మార్పుతో మిగతా రోజంతా ఎలా దారి తప్పుతుందో కథ ఖచ్చితంగా చూపిస్తుంది కాబట్టి. ‘ఎందుకు’ చీకట్లోనే ఉన్నా ‘ఎలా’ మాత్రం పట్టపగల్లా కనిపిస్తుంది. వీడని రహస్యానికి బలం అక్కడే ఉంది. నియమాలు గట్టిగా ఉంటే కారణం చెప్పకపోయినా ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. అవే వదులైతే ఎంత గొప్ప కారణం చెప్పినా నమ్మడు.

బ్రిటిష్ ధారావాహిక ‘డాక్టర్ హూ’లో 2008లో వచ్చిన ‘మిడ్‌నైట్’ ఎపిసోడ్ ఇదే సూత్రాన్ని ఇంకా కఠినంగా పాటించింది. రాసినవాడు రస్సెల్ టి. డేవిస్. మనిషి బతకలేని గ్రహం మీద ఒక వాహనం ఆగిపోతుంది, ప్రయాణికులు లోపలే చిక్కుకుపోతారు. ప్రాణి అన్నదే ఉండకూడని చోట బయటినుంచి ఎవరో గోడ తడతారు. కాసేపటికి ఒక ప్రయాణికురాలు పక్కవాళ్ళ మాటలు తిరిగి పలకడం మొదలుపెడుతుంది. మొదట వాళ్ళు అన్నాక, తర్వాత వాళ్ళతోపాటు, చివరికి వాళ్ళకంటే ముందే. ఆ వచ్చినదేమిటో, దానికేం కావాలో ఎపిసోడ్ ముగిసినా తెలియదు. దానికి పేరు పెట్టి ఉంటే భయం సగం చచ్చిపోయేది. పేరు లేదు గనకే కథ భయపడ్డ మనుషుల మీదికి మళ్ళింది. ఒకరినొకరు అనుమానించుకుని, సాటి మనిషిని బయటికి తోసేద్దామనేదాకా వెళ్తారు.

ఈ ఆకర్షణకు మనస్తత్వ శాస్త్రంలో రెండు ఆధారాలు చూపుతారు. సగంలో ఆగిన పని పూర్తయిన పనికంటే బాగా గుర్తుంటుందని బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రకటించింది. తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనబడినప్పుడే కుతూహలం పుడుతుందని జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో వివరించాడు. రచయితకు పనికొచ్చేది ఈ రెండోదే. కొంతైనా తెలియనిదే ఖాళీ కనబడదు.

తెలుగు కథకు ఈ దారి అంత అలవాటైనది కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో గోపాలుడు ప్రతి మజిలీలోనూ ఏదో ఒక వింత చూసొచ్చి అడుగుతాడు, మణిసిద్ధుడు దాని వెనక కథంతా చెప్పి తీరాలి. ప్రయాణానికి షరతే అది. ‘చందమామ’ బేతాళ కథల్లోనూ అంతే. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. ముడి వేసినవాడే విప్పాలన్నది మన శ్రోతల పట్టు. ‘ఆదిత్య 369’ (1991) సినిమాలో సింగీతం శ్రీనివాసరావు ఆ పట్టును మన్నించారు. కథానాయకుడు ఊరికే కృష్ణదేవరాయల కాలంలోకి జారిపోడు. ఒక ప్రొఫెసర్, ఆయన కట్టిన టైమ్ మెషీన్ కళ్ళెదుట కనిపిస్తాయి.

తర్వాతి ధారావాహికలూ ఎక్కువగా ఆ బాటే పట్టాయి. విక్రమ్ కె. కుమార్ ‘దూత’ (2023) సైన్స్ ఫిక్షన్ కాదు, అతీంద్రియ కథ. ప్రారంభం మాత్రం అద్భుతం. వానలో ఒక ధాబా దగ్గర ఆగిన పత్రికా సంపాదకుడి చేతికి న్యూస్‌పేపర్ ముక్క దొరుకుతుంది. అందులోని పదకేళి అతనికి జరగబోయే ప్రమాదాన్నే చెబుతుంది, కాసేపటికి అది జరిగిపోతుంది. రోజూ చేతులు తుడుచుకుని పారేసే కాగితానికి అంత భయం అంటించడం మామూలు ప్రతిభ కాదు. అయితే చివరికొచ్చేసరికి పాత తరం చేసిన పాపాల లెక్క మొత్తం తేలిపోతుంది. లెక్క తేలాక ఆ కాగితం ముక్క మళ్ళీ ఉత్త కాగితమే. తెలంగాణ పల్లె నేపథ్యంలో 2024లో జీ5లో వచ్చిన ‘వికటకవి’లో దేవతల గుట్టకు వెళ్ళినవాళ్ళు జ్ఞాపకం పోగొట్టుకుంటారు. అక్కడా డిటెక్టివ్ వచ్చి గుట్టు విప్పాల్సిందే.

జవాబు లేని ప్రశ్నను తరాల తరబడి మోసే అలవాటు మనకు బొత్తిగా లేదనలేం. శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీతో పేరుపడ్డ బోధన్ పట్టణాన్నే తీసుకుంటే, భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థానికులు చెప్పుకుంటారు. జైన గ్రంథాల పౌదనపురం ఇదేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. పౌదనపురంలో భరతుడు బాహుబలికి మహావిగ్రహం నిలిపాడనీ, కాలక్రమంలో కుక్కుట సర్పాలు చుట్టుముట్టి అది ఎవరికీ అందకుండా పోయిందనీ జైన సంప్రదాయం. 12వ శతాబ్దిలో బొప్పణ కవి రాసిన శ్రవణబెళగొళ శాసనంలో ఈ కథ ఉంది. ఆ విగ్రహాన్ని చూడలేకే చాముండరాయుడు శ్రవణబెళగొళలో గోమటేశ్వరుణ్ణి చెక్కించాడని అంటారు. మాయమైన విగ్రహం, దాన్ని కాచే వింత జీవులు, దారి మూసుకుపోయిన నగరం: సైన్స్ ఫిక్షన్ రచయితకు ఇంతకంటే ఏం కావాలి?

దూరదర్శన్ కాలంలో తెలుగువాళ్ళ ఇళ్ళలోకి వచ్చిన హిందీ సైన్స్ ఫిక్షన్ ఇలాంటి ప్రశ్నల జోలికి పెద్దగా పోలేదు. ‘స్పేస్ సిటీ సిగ్మా’, కేతన్ మెహతా ‘కెప్టెన్ వ్యోమ్’ (1998) సాహసగాథలు. శత్రువెవరో ముందే తెలుస్తుంది, పట్టుకోవడమే మిగులుతుంది.

రహస్యాన్ని వదిలేయడంలో ప్రమాదమూ ఉంది. అమెరికా ధారావాహిక ‘లాస్ట్’ (2004–2010) ద్వీపం మీద ప్రశ్న మీద ప్రశ్న పేర్చుతూ పోయింది. జవాబులొస్తాయన్న ఆశను ఆరు సీజన్ల పాటు తానే పెంచింది కాబట్టి ముగింపు చాలామందికి మోసంగా తోచింది. దాని సృష్టికర్తల్లో ఒకరైన డేమన్ లిండెలాఫ్ ఆ పాఠం మరవలేదు. టామ్ పెరోటా నవల ఆధారంగా తీసిన ‘ది లెఫ్టోవర్స్’ (2014–2017)లో ప్రపంచ జనాభాలో రెండు శాతం ఒక్కసారిగా మాయమవుతారు. వాళ్ళు ఎందుకు పోయారన్నది కాక, మిగిలినవాళ్ళు ఎలా బతుకుతున్నారన్నదే తన కథ అని ఆ ధారావాహిక మొదటినుంచీ తెలియజేస్తూ వచ్చింది. ‘కుడి ఎడమైతే’ కూడా ఈ కోవలోదే. ఆ రోజు ఎందుకు తిరిగొస్తోందన్నది పక్కనబెట్టి, తిరిగొచ్చిన రోజుతో దుర్గ ఎవరిని కాపాడగలదన్న ప్రశ్న మీదే కథను నిలబెట్టింది.