కొసైను తరంగములు, కుదించిన ఛాయాచిత్రములు

విడవలూరు మండలమున రామతీర్థపు సముద్రతీరమునకు పోయినవారు నేడు ఫోనుతో ఛాయాచిత్రములు తీసి క్లౌడులో దాచుకొనుచున్నారు. చోటు చాలనప్పుడు చిత్రములను కుదింతురు. ఈ కుదింపు వెనుకనున్న గణితముతో ఒక తెలుగు పేరు ముడిపడి యున్నది.

1972లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమునందు నాసిర్ అహమ్మదు, చిత్రమును కొసైను తరంగముల మొత్తముగా వ్రాయు పద్ధతిని పరిశోధింపనెంచి నేషనల్ సైన్స్ ఫౌండేషను వారిని ధనసహాయ మర్థించెను. వారు నిరాకరించిరి. ఆలోచన మరీ సులభముగా నున్నదని ఒక పరీక్షకుని అభిప్రాయమట! అహమ్మదు విడువలేదు. శిష్యుడు టి. నటరాజన్, ఆర్లింగ్టనులోని టెక్సాసు విశ్వవిద్యాలయాచార్యులు కామిశెట్టి రామమోహనరావుగారలతో కలిసి 1974 జనవరిలో దానిని ప్రకటించెను. రావుగారు 1952లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి పట్టము పొందినవారు, 2021లో కీర్తిశేషులైరి. 1992 నాటి జేపెగ్ ప్రమాణమునకు వీరి పద్ధతియే పునాది.

చిత్రమును అడ్డముగా 8, నిలువుగా 8 చుక్కలు గల గళ్ళుగా విభజింతురు. గడిలోని 64 విలువలు 64 తరంగ గుణకములుగా మారును. ఆకాశపు గడికి ఒకటి రెండు గుణకములు చాలును. పడవ మోకు ఉన్న గడికి పెక్కు కావలెను. ఇంతవరకు నష్టము లేదు. లెక్కను త్రిప్పిన మొదటి విలువలే వచ్చును.

నష్టము తరువాతి మెట్టున కలదు. ఒక గుణకము 37 అనుకొందము. దానిని 16చే భాగించిన 2.31, దాచునది 2 మాత్రమే. తెరచునప్పుడు 2 × 16 = 32. పోయిన 5ను ఏ గణితజ్ఞుడును తిరిగి తేలేడు. ఈ 32ను మరియొకసారి 24తో కుదించిన 1 మిగులును, తెరచిన 24. సూక్ష్మ వివరములను తెలుపు గుణకములు తరచుగా సున్నయే యగును. అలలను చూచు కన్ను ఈ లోపమును పట్టుకొనలేదు గాని, పాత దస్తావేజును ఫోటో తీసియుంచిన వారికి సన్నని అక్షరముల అంచులు అలుకుకొనిపోవును.

క్లౌడుతో జోడించిన చిత్రములకు ఇంకొక చిక్కు కలదు. ఒకచోట మూలమును తొలగించి కుదించినదానిని ఉంచినచో, ఫోనునను, ఇంటి కంప్యూటరునను, దూరపు సర్వరునను అదే మార్పు జరుగును. మూడు ప్రతులున్నవను ధైర్యము వట్టిది. ఉన్నది ఒకే ప్రతి, మూడు నీడలు. గూగుల్ ఫోటోస్ 2015 నుండి 2021 మే నెలాఖరు వరకు అందరికి హద్దులేకుండ ఉచితముగా దాచినవి సామాన్యముగా కుదించిన చిత్రములే. 16 మెగాపిక్సెళ్లకు మించినవాని పరిమాణమును గూడ తగ్గించెడివారు. క్లౌడును నమ్మి ఫోనులోని మూలములను చెరిపివేసినవారికి నేడు మిగిలినవి ఆ ప్రతులే. మూలములను జోడింపు లేని వేరొక డిస్కులో ముందుగా దాచినవారు మాత్రము ఎన్నిసార్లయినను కుదించుకొనవచ్చును.