లాంతరు పట్టుకుని పల్లెకు నడిచిన బడిపిల్లలు

ఆదిలాబాద్ అడవుల్లో మనవాళ్లు ఎదురుపడితే మొదట చెప్పుకునే మాట 'జై సేవా'. సభలో మైకు అందుకున్నా, పెద్దల ముందు నిలబడినా ఆ మాటతోనే మొదలుపెడతాం. అయితే ఈ రోజుల్లో మన గూడేల్లో 'సేవ' అన్న మాట ఎక్కువగా ఎప్పుడు వినిపిస్తోంది? పట్నం నుంచి వాహనాలు వచ్చినప్పుడు. దుప్పట్లు, నోటు పుస్తకాలు, పండ్లు పంచుతారు. ఫొటోలు దిగుతారు. పొద్దు గుంకకముందే వెళ్లిపోతారు.

వచ్చినవారి మంచి మనసును మనం తక్కువ చేయడం లేదు. పుష్యమాసపు చలిలో దుప్పటి విలువ కప్పుకున్నవారికే తెలుసు. కానీ సేవ అంటే ఎప్పుడూ బయటివారు చేసేదే, మనం చేతులు చాచి తీసుకునేదే అన్న ఆలోచన మన పిల్లల మనసులో పాతుకుపోతే దాన్ని తీసేయడం కష్టం. అందుకే ఈ సంచికలో మన యువతకు ఒక చరిత్ర చెప్పాలనుకున్నాం. తొమ్మిది, పది తరగతుల ఈడు పిల్లలు పల్లెలకు వెళ్లి పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పిన చరిత్ర ఇది. అందులో మన మార్లవాయికి కూడా చోటుంది.

చెరకు తోటల దేశంలో ఒక సంవత్సరం

క్యూబా అమెరికాకు దక్షిణాన, కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న ద్వీప దేశం. చెరకు అక్కడి ప్రధాన పంట. 1959లో పాత ప్రభుత్వం కూలిపోయి ఫిడెల్ కాస్ట్రో నాయకత్వంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. 1953 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో దాదాపు నాలుగో వంతు జనానికి చదవడం, రాయడం రాదు. పల్లెల్లో, కొండల్లో పరిస్థితి ఇంకా అధ్వానం. అక్కడ పదిమందిలో నలుగురు వేలిముద్ర వేసేవాళ్లే. 1960 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభలో కాస్ట్రో నిలబడి, ఒక్క ఏడాదిలో తమ దేశంలో నిరక్షరాస్యత లేకుండా చేస్తామని ప్రకటించాడు. 1961కి 'విద్యా సంవత్సరం' అని పేరు పెట్టారు.

పనిలోకి దిగాక అసలు చిక్కు తెలిసింది. ఉపాధ్యాయులు చాలరు. కొండల్లో విసిరేసినట్టున్న ఒంటరి గుడిసెల దాకా వెళ్లేవారు అసలే లేరు. అప్పుడు ప్రభుత్వం బడులు మూసి విద్యార్థులను పిలిచింది. దాదాపు లక్షమంది ముందుకొచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పది నుంచి పంతొమ్మిదేళ్ల లోపువాళ్లు. సగం కంటే ఎక్కువ ఆడపిల్లలు. గడప దాటని ఆడపిల్లలు నెలల తరబడి తెలియని ఇంట్లో ఉండడమంటే ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెడితేనే పంపించారు.

వరదేరో అనే సముద్రతీర పట్టణంలో వాళ్లకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చారు. తర్వాత యూనిఫాం, బూట్లు, చెట్టుకో దూలానికో కట్టుకుని పడుకునే వల ఊయల, దుప్పటి, చదువు చెప్పే వాచకం, ఒక కిరోసిన్ లాంతరు ఇచ్చి పంపారు. ఆ లాంతరే ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచిపోయింది. ఎందుకంటే ఆ ఇళ్లకు కరెంటు లేదు. చదువు చెప్పేది రాత్రిపూట. పగలు ఆ పిల్లలు ఆతిథ్యమిచ్చిన కుటుంబంతో కలిసి పొలానికి వెళ్లేవారు, నీళ్లు మోసేవారు, పశువులను చూసేవారు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్లవాడికి కొడవలి ఎలా పట్టాలో రైతు నేర్పేవాడు. చీకటి పడ్డాక అదే రైతుకు పెన్సిల్ ఎలా పట్టాలో పిల్లవాడు నేర్పేవాడు. ఒకరు గురువు, ఒకరు శిష్యుడు అన్న తేడా పొద్దున, సాయంత్రం తారుమారయ్యేది.

పని ప్రమాదం లేకుండా సాగలేదు. కొత్త ప్రభుత్వాన్ని వ్యతిరేకించే సాయుధ ముఠాలు కొండల్లో తిరిగేవి. 1961 జనవరిలో కొన్రాడో బెనీతెస్ అనే పద్దెనిమిదేళ్ల స్వచ్ఛంద ఉపాధ్యాయుణ్ణి చంపేశారు. విద్యార్థి బృందాలకు ఆయన పేరే పెట్టారు. నవంబరులో మనుయెల్ అస్కున్సే అనే పదహారేళ్ల విద్యార్థిని, అతను చదువు చెబుతున్న రైతును కలిపి చంపారు. అయినా పని ఆగలేదు.

చదువు వచ్చిందని రుజువేమిటి? మూడు పరీక్షలు పెట్టారు. చివరి పరీక్షలో నేర్చుకున్న మనిషి తన చేత్తో దేశ నాయకుడికి ఒక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరాలను హవానాలోని మ్యూజియంలో ఇప్పటికీ దాచి ఉంచారు. 1961 డిసెంబరు 22న హవానాలో విజయసభ జరిగే నాటికి ఏడు లక్షలకు పైగా పెద్దలు చదవడం, రాయడం నేర్చుకున్నారు. చదువు రానివారు నూటికి నలుగురి లోపుకు తగ్గారని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ వాచకం నిండా కొత్త ప్రభుత్వ రాజకీయాలే ఉన్నాయన్న విమర్శ ఉంది. అది నిజమే. చదువు నేర్పేవాడు తన మాటలు కూడా నేర్పుతాడు. ఈ విషయం మనం గుర్తుపెట్టుకోవాలి. దీని తర్వాతి కథ మన ఆదివాసులకు మరీ దగ్గరది.

భాష దగ్గర తగిలిన దెబ్బ

క్యూబాను చూసి 1980లో మధ్య అమెరికాలోని నికరాగువా అదే దారి పట్టింది. అక్కడా 1979లో కొత్త ప్రభుత్వం వచ్చింది. సగం జనానికి చదువు లేదు. మార్చి 23 నుంచి ఆగస్టు 23 దాకా అయిదు నెలలపాటు దాదాపు అరవై వేలమంది యువతీ యువకులు పల్లెల్లో ఉండి చదువు చెప్పారు. వారిలో హైస్కూలు విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉన్నారు. నాలుగు లక్షల మంది నేర్చుకున్నారని లెక్క. యునెస్కో బహుమతి కూడా వచ్చింది.

అయితే అట్లాంటిక్ తీరంలో కథ వేరుగా నడిచింది. అక్కడ మిస్కీటో, సుమో వంటి ఆదివాసీ తెగలు ఉంటాయి. వారి భాషలు వేరు. వాచకం మాత్రం స్పానిష్‌లో ఉంది. నేర్పడానికి వచ్చినవారిదీ ఆ భాషే. ఆ తెగల సంఘం గట్టిగా నిలబడింది. మా పిల్లలకు, మా పెద్దలకు చదువు కావాలి, కానీ మా భాషలో కావాలని అడిగింది. చివరకు ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు. అదే ఏడాది అక్టోబరు నుంచి మిస్కీటో, సుమో భాషల్లోనూ, ఆ తీరంలో మాట్లాడే ఇంగ్లిష్‌లోనూ వేరే కార్యక్రమం నడిచింది. అందులో నేర్పినవారిలో ఆ తెగల యువత ముందు నిలిచింది.

ఆలోచించండి. అరవై వేలమంది మంచి మనసుతో కదిలినా, వెళ్లిన ఊరి మాట రాకపోతే పని సగంలోనే ఆగింది. ఆ ఊరి పిల్లలే చేపట్టాక ముందుకు సాగింది.

వాళ్లకంటే ముందే మార్లవాయి

ఈ పాఠం నేర్చుకోవడానికి మనం సముద్రాలు దాటి వెళ్లనక్కర్లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవరల పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాడు. ఇక 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల బాధలకు కారణాలేమిటో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని మనవాళ్ల మధ్య ఉన్నాడు. భూమి పోవడానికి, మోసపోవడానికి ఒక పెద్ద కారణం ఆయనకు కళ్లముందే కనిపించింది. కాగితం మీద ఏముందో చదవగలిగే గోండు దాదాపు లేడు. పట్వారీ చదివిందే రాత, సావుకారు చెప్పిందే లెక్క.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి గూడేల్లో కూర్చోబెట్టే ఆలోచన చేయలేదు. కాస్తో కూస్తో అక్షరం వచ్చిన గోండు యువకులను వెతికి, వారికే శిక్షణ ఇచ్చారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారుచేశారు. శిక్షణ పొందినవారు తమ గూడేలకు వెళ్లి బడులు పెట్టారు. తర్వాత గిరిజన సంక్షేమం చూసిన అధికారి సేతు మాధవరావు పగ్డీ కూడా గోండి నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం రాశాడు. క్యూబా కంటే పద్దెనిమిదేళ్ల ముందే, నికరాగువా కంటే ముప్పై ఏడేళ్ల ముందే, మన మార్లవాయిలో ఆ రెండు మూల సూత్రాలూ అమలయ్యాయి: చెప్పేవాడు మనవాడు, చెప్పే భాష మన భాష.

తర్వాతి కాలంలో గోండి వాచకాలు బడుల నుంచి తప్పుకున్నాయి. కానీ ఆ పని జాడ పోలేదు. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఏటా జనవరి 11న మనవాళ్లు అక్కడ చేరి ఆ దంపతులను తలుచుకుంటారు.

ఇప్పుడు మన వంతు

మన దేశంలో విద్యార్థి సేవకు ప్రభుత్వ ఏర్పాటు కూడా ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం మొదలైంది. తొలి ఏడాది 37 విశ్వవిద్యాలయాల్లో నలభై వేలమంది విద్యార్థులు చేరారు. తర్వాత ఇంటర్ స్థాయికీ వచ్చింది. 'నేను కాదు, మీరు' అన్న భావం దాని నినాదం. దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం అందులో భాగం. ఏడు రోజుల్లో రోడ్డు ఊడవవచ్చు, మొక్కలు నాటవచ్చు. కానీ ఆ ఊరిని తెలుసుకోవడానికే ఏడు రోజులు పడుతుంది.

ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివే మన పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. బయటి విద్యార్థికి అది దత్తత గ్రామం. మనకది మేనమామ ఊరు. ఎవరింట్లో ముసలమ్మకు కళ్లు కనిపించవో, ఏ వాగు దాటితే కోలాం గూడెం వస్తుందో, పటేల్‌ను ఎలా పలకరించాలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ఎలాగూ ఊరికి వస్తాం. ఆ రోజులనే సేవాయాత్రగా మార్చుకోవచ్చు.

ఏం చేయవచ్చు? పెద్ద పనులే కానక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఇన్నేళ్లయినా తమ దరఖాస్తులో ఏం రాశారో, ఎందుకు తిరస్కరించారో చదవలేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ కాగితాన్ని చదివి, గోండిలోనో కోయలోనో కోలామీలోనో విడమరిచి చెప్పగలదు. చదివి వినిపించాలి, అంతే. సంతకం పెట్టాలా వద్దా అన్నది ఇంటి పెద్దలు, గ్రామసభ తేల్చుకుంటారు. పింఛను చీటీ, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి మందుల చీటీ కూడా అంతే.

మరో పని, మన పెద్దల మాట దాచుకోవడం. నార్నూరు మండలం గుంజాలలో పాత రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటివల్లే ఆ గోండి లిపిని లోకం గుర్తించింది. 2018లో దానికి యూనికోడ్‌లో స్థానం దొరికింది. ఈ రోజు మన చేతిలోని ఫోన్‌లో ఆ అక్షరాలు చూడగలుగుతున్నామంటే, ఎవరో ఆ కట్టలు పారేయకుండా అటక మీద దాచబట్టే. మీ తాత చెప్పే వంశగాథను, ప్రధాన్ కీకిరీ మీద పాడే పాటను రికార్డు చేసి, ఎవరు చెప్పారో, ఏ ఊరో రాసిపెడితే అదీ సేవే.

అయితే నాలుగు జాగ్రత్తలు. ఏం కావాలో ముందు ఊరిని అడగాలి. ఏం ఇవ్వాలో ఇంట్లో కూర్చుని తేల్చుకుని వెళ్లకూడదు. తల్లిదండ్రులకు, టీచర్లకు తెలియకుండా కదలకూడదు. క్యూబాలో దేశమంతా కదిలిన రోజుల్లో కూడా సంతకం లేనిదే పంపలేదు. ఒకరోజు వెళ్లి మానేసే పని మొదలుపెట్టవద్దు. నెలకు ఒక్క రాత్రి అయినా సరే, ఏడాదంతా సాగాలి. ఫొటో ఆఖరున, పని మొదట.

ఇక నాయకత్వం గురించి ఒక్క మాట. ముందు నడిచి జెండా ఎత్తడమే నాయకత్వమని మనం అనుకుంటాం. ఆ క్యూబా పిల్లలు పగలంతా ఎవరి పొలంలో పనిచేశారో, రాత్రి వారికే చదువు చెప్పారు. నేర్చుకోవడానికి వెనకాడనివాడు నేర్పడానికి పనికొస్తాడు. ఊరిపెద్ద దగ్గర చెట్ల పేర్లు, వాగుల పేర్లు, దేవర కథలు నేర్చుకుంటూ, ఆయన చేతికి సంతకం నేర్పండి. తన భూమి కాగితం మీద తన పేరు తానే రాసుకున్న రోజున ఆ తాత ముఖం చూడండి. ఆ వెలుగు ఏ లాంతరూ ఇవ్వలేదు.

ఈ సంచిక చదువుతున్న ప్రతి విద్యార్థినీ మేము అడిగేది ఒక్కటే. వచ్చే సెలవులకు ఊరికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక నోటు పుస్తకం, రెండు పెన్నులు ఎక్కువ పెట్టుకోండి. మీ గూడెంలో చదువు రాని ఒక్క మనిషి దగ్గర కూర్చోండి. అక్కడి నుంచి ఏం చేయాలో ఆ మనిషే చెబుతాడు.

జై సేవా!