ఆ గోడలకు సున్నం కొట్టొద్దు

వీరపునాయునిపల్లె ఎక్కడుందని అడిగితే కడప జిల్లాలో చాలామంది ఎర్రగుంట్లకూ వేంపల్లెకూ నడుమ అని చెప్పి ఊరుకుంటారు. 1985లో మండలాలు ఏర్పడే దాకా మేం కమలాపురం తాలూకా వాళ్లం. అందుకే పాత శాసనాల పుస్తకాల్లో మా ఊళ్లు ఆ తాలూకా కిందే కనబడతాయి. అవి చూడనివాళ్లకు మాది నల్లరేగడి, శనగ చేలు, ఈమధ్య వచ్చిన సర్వరాయసాగర్ నీళ్లు, అంతే.

కానీ తెలుగు రాతిమీదికెక్కిన తొలినాళ్లు ఈ నేలవే. దీన్ని రేనాడు అనేవారు. పొరుగు మండలంలోని కలమళ్లలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. అప్పటిదాకా రాజులు సంస్కృతంలోనో ప్రాకృతంలోనో చెక్కిస్తుంటే, రేనాటి చోళులు ఇక్కడి జనం మాటనే రాయించారు. మా ఇందుకూరులోనూ వాళ్ల కాలపు శాసనం ఉంది. దానమిచ్చిన పొలాన్ని ఆ శాసనాల్లో పన్నస అంటారు.

ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు విజయనగర రాజులొచ్చారు. అనిమెల సంగమేశ్వరస్వామి గుడిలో వాళ్ల కాలపు శాసనాలున్నాయి. పాత రాతిని చూడాలంటే సాయంత్రం పూట పోవాలి. ఎండ ఏటవాలుగా పడితేనే గీత గీతకూ నీడ వచ్చి అక్షరం పైకి లేస్తుంది. మామూలుగా పైన సూర్యచంద్రులు, కింద రాజు పేరు, సంవత్సరం, ఇచ్చిన భూమి, దాని ఎల్లలు, చివర దాన్ని చెరిపినవాడికి శాపం. శాసనాల అచ్చు తీసేవాళ్లు రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి గుంటల్లోకి దించి, పైన సిరా అద్దుతారు. అక్షరాలు తెల్లగా తేలి వస్తాయి. గుంటల్లో సున్నం పేరుకున్న రాతికి ఇదేమీ పనిచేయదు.

పాతవాటిని పదిలంగా కాపాడుకున్న ఊళ్లూ ఉన్నాయి. రుమేనియాలో మరామురేష్ అనే కొండసీమ ఉంది. అక్కడి పల్లెల చెక్క చర్చీలు ఎనిమిదింటిని యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెక్కకు పురుగు పడుతుంది, నిప్పంటుకుంటుంది. అయినా వందల ఏళ్లుగా కాపాడుకున్నారు. మనది రాయి. దాన్ని పాడుచేయాలంటే మనమే పూనుకోవాలి.

పూనుకుంటున్నాం కూడా. జీర్ణోద్ధరణ పేరుతో గుడి గోడలకు ఎనామిల్ రంగులు వేస్తున్నారు, ఇసుకతో బ్లాస్టింగ్ చేసి అక్షరాల అంచులు అరగదీస్తున్నారు. రెండువందల ఏళ్ల కిందట కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా కరణాలను అడిగి కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించుకున్నారు. కడప జిల్లావి అచ్చులో దొరుకుతాయి. పరాయి దొరకున్న శ్రద్ధ, ఈ గుళ్లలో పొంగళ్లు పెట్టుకునే మనకు లేదంటే నాకు బాధగా ఉంటుంది.

గుడి కమిటీల పెద్దలకు నా మనవి ఒకటే. ఈసారి పనులు మొదలుపెట్టే ముందు ఏ రాయిమీద రాతలున్నాయో ఫోటోలు తీయించండి. మేస్త్రీ రాకముందే పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి. రాతలున్న రాళ్ల వరకు రంగు ఆపమని చెప్పండి. మన హైస్కూలు పిల్లలను ఒక సాయంత్రం ఆ గోడ దగ్గరికి తీసుకుపోతే, ఏ అక్షరం ఇప్పటి ఏ అక్షరమైందో వాళ్లే పట్టుకుంటారు.