పాత మోటారు, పాత మధువు

రాయచూరు కోటను చూడబోయినవారు పడమటి గోడలోని ఒక రాతి ముందు తప్పక నిలుతురు. అది 40 అడుగులకు మించిన ఏకశిల. కాకతీయుల కాలమున, 1294లో, జరిగిన కోట నిర్మాణమును తెలుపు శాసనము దానిపై చెక్కబడినది. కాని మమ్ము చిన్ననాటినుండి ఆకర్షించినవి ఆ అక్షరములు కావు, అచటనే గల చిత్రము. ఆ మహాశిలను బండిపై నెక్కించి, దున్నల బారును పూన్చి, వెనుకనుండి మనుష్యులు చక్రములకు మీటుకోలలు వేసి తోయుచున్నట్లు శిల్పి చూపినాడు. ప్రభువుల కీర్తితోపాటు బండి పడిన శ్రమయు రాతికెక్కినది. వాహనము వట్టి సాధనము కాదనియు, దానికిని ఒక గుణము, ఒక చరిత్ర కలవనియు మన ఊరి గోడ ఏడు వందల యేండ్లుగా చెప్పుచున్నది.

పాశ్చాత్య దేశములలో పాత మోటారు కారులను అభిమానించువారు వానిని షాంపేను మధువుతో పోల్చి మురియుట కలదు. వినినంతనే మనవారికి నవ్వు రావచ్చును. తాగుట కొకటి, ఎక్కుట కొకటి. రెంటికి పొత్తు ఎక్కడిది? కాని మన లాక్షణికులు కవిత్వమును ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని పండ్లతో పోల్చి విభజింపలేదా? గుణమును చెప్పుటకు రుచిని ఆశ్రయించుట మనకు క్రొత్త గాదు. మేము మద్యపానమును మెచ్చుకొన బూనలేదు. చేతిపని యొక్క గుణశీలములను తెలిసికొనుటయే మా యుద్దేశము.

షాంపేను అనునది ఫ్రాన్సు దేశమున రైమ్స్, ఎపెర్నే పట్టణముల చుట్టునుగల సీమ పేరు. సుద్దరాతి నేలలో పండిన ద్రాక్షనుండి తీసిన మధువును సీసాలో పోసి, అందులోనే రెండవమారు పులియనిత్తురు. అప్పుడు పుట్టిన వాయువు మోటారు చక్రములోని గాలికంటె రెండు మూడు రెట్లు ఒత్తిడి గలదై, సీసాలోనే అణగియుండును. అడుగున చేరిన మడ్డిని తీయుటకై సీసాలను వాలుగా నిలిపి కొంచెము కొంచెముగా త్రిప్పు పద్ధతి 19వ శతాబ్ది ఆరంభమున క్లికో అను వితంతువు నడిపిన వ్యాపారమున వృద్ధినొందినది. సామాన్యపు షాంపేనునకు 15 నెలలు, ఒకే యేటి పంటతో చేసినదానికి 3 సంవత్సరములు కనీసపు గడువని నియమము. ఓర్పు దాని మొదటి దినుసు.

ఇక పోలికకు వత్తము. మన జిల్లా నిజాము ఏలుబడిలో నున్న రోజులలో, 1911 ప్రాంతమున, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ వారికి సిల్వర్ ఘోస్ట్ జాతి కారు నొకదానిని చేయ నాజ్ఞాపించెను. ఆ రోజులలో ఆ సంస్థ యంత్రమును, చట్రమును మాత్రమే చేయుచుండెను. పైకట్టును లండనులోని బార్కరు సంస్థ నిర్మించినది. పసుపుపచ్చని రంగు, లోపల సింహాసనమువలె నెత్తయిన ఆసనము దాని ప్రత్యేకతలు. కాని 1911 ఆగస్టులోనే మహబూబ్ అలీఖాన్ గతించెను. కారు తరువాత వచ్చి ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖానునకు దక్కినది. దీనికి జోడు వెదకినచో రోడెరర్ వారి క్రిస్టల్ కనబడును. 1876లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు కొఱకు తెల్లని పారదర్శకపు సీసాలో నింపిన మధువది. ఆయనయు 1881లో హతుడయ్యెను. ఏకైక ప్రభువు కొఱకు పుట్టిన వస్తువు ప్రభువుకంటె ఎక్కువ కాలము నిలుచుట ఈ రెంటి చరిత్రయందును కనబడును.

రెండవ జోడు బెంట్లీ, బొలింజరు. 1919లో స్థాపితమైన బెంట్లీ సంస్థ కారులు ఫ్రాన్సులోని లెమాన్ నగరమున జరుగు 24 గంటల పందెమును 1924లోను, మరల 1927 మొదలు 1930 వరకు వరుసగాను గెలిచినవి. అవి బరువైనవి, మొండివి, అలయనివి. బొలింజరు మధువున నల్లద్రాక్షది పైచేయి. మేలైన సంవత్సరముల మధువును ఓకు కొయ్య పీపాలలో పులియబెట్టుదురు. ఇదియు బలమును దాచుకొనక చూపు జాతియే.

మూడవది దీనికి ఎదురు. ఎత్తోర్ బుగాట్టి 1924లో వెలువరించిన 35వ రకపు కారు చిన్నది, తేలికది, గుఱ్ఱపు లాడమువంటి ముఖము గలది. తెల్లద్రాక్షతో మాత్రమే చేసిన షాంపేనువలె పదునైనది. నేర్పరికి లొంగును, నేర్పులేనివానిని పరిహసించును. మనవారైనచో దీనిని నారికేళపాక మనియుందురు.

నాలుగవదానిని వర్ణింప నక్కరలేదు. మన పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, రైలుస్టేషనుకు మనలను మోసిన అంబాసిడరు అది. ఇంగ్లీషు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై 1957లో ఆరంభమై 2014 వరకు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారైనది. రూపము పెద్దగా మారలేదు. సంవత్సరము పేరు లేని సామాన్యపు షాంపేను దీనికి తగిన జోడు. అచటి నేర్పరులు పాత మధువులను దాచియుంచి, ప్రతియేటి పంటతో కలిపి, రుచి మారకుండ చూతురు. మన కారు మారకుండుటకు పోటీ లేకపోవుటయు నొక కారణము. ఆ మధువు మారకుండుటకు ఏటేట పడు శ్రమయే కారణము. అయినను నమ్మకము రెంటికిని సమానమే. ఒలిచిన వెంటనే అందు ఈ రుచి కదళీపాకము.

ఇంతవరకు పోలిక చక్కగా కుదిరినది. ఇచ్చటనే అది తప్పిపోవుచున్నది. షాంపేను సీసాకు చీకటి కావలెను, చల్లదనము కావలెను, కదలని నేలమాళిగ కావలెను. సుమారు 10, 12 డిగ్రీల చల్లదనమున అది పరిపక్వమగును. 40 డిగ్రీలు దాటు మన రాయచూరు వేసవిలో దానికి బ్రతుకు లేదు. కారు సంగతి వేఱు. దానిని కదపక దాచినచో రబ్బరు పగులును, పెట్రోలు జిగురగును, ఇనుము తుప్పుపట్టును. 1907లో జరిగిన పరీక్షలో సిల్వర్ ఘోస్ట్ 14,000 మైళ్ళకు మించి నడిచి కీర్తి గన్నది. అదే జాతికి చెందిన నిజాము కారో, శతాబ్ది కాలమున 400 మైళ్ళైనను నడవలేదు. ఇటీవల దానిని బాగుచేసి చౌమహల్లా ప్రాసాదమున నిలిపినారు. చూచుటకు అది దివ్యముగానే యున్నది. కాని ఆ కారును చూచి, తన వివాహమునకు వచ్చిన బండి యిదియే యని చెప్పగల ముసలమ్మ ఎచటను లేదు. అంబాసిడరును చూచి అట్లు చెప్పగలవారు మన వీధికి పదిమంది కలరు.

ఈ భేదమును మనవంటివారు ఒకసారి తలపోయవలెను. తరతరములుగా రాయచూరు పట్టణమున నున్న తెలుగు కుటుంబములు కలవు. తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్మి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన కుటుంబములు కలవు. 1956 నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. మన పిల్లలు కన్నడము చక్కగా చదువుచున్నారు, చదువవలెను గూడ. ఈ నేల మనకు అన్నము పెట్టినది. అయితే తెలుగును మనము ఏమి చేయుచున్నాము? ఉగాదికి ఒక పద్యము, వార్షికోత్సవమునకు ఒక నాటిక, మిగిలిన దినములలో మౌనము. సీసాలో దాచిన మధువువలె అది దానంతట అదే పరిపక్వమగునని భ్రమ పడుచున్నాము.

భాష మధువు గాదు, బండి. దానిని దాచినవారికంటె వాడినవారే దానిని కాపాడినవారు. అంబాసిడరుకువలె గీతలు పడవచ్చును, చొట్టలు పడవచ్చును, కన్నడపు మాటలు నాలుగు ఎక్కి కూర్చుండవచ్చును. దానివలన నష్టము లేదు. పిల్లవాడు తప్పు మాటాడినాడని నవ్వి నోరు మూయించుటకంటె, తప్పులతోనే మాటాడనిచ్చుట మేలు. అవ్వ ఊరి సంగతులు చెప్పునపుడు మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుడు. బంధువులకు వ్రాయు నాలుగు పంక్తులు తెలుగు లిపిలో వానిచేతనే వ్రాయింపుడు. తరువాత ఒక ఆదివారము కోటకు తీసికొనిపోయి ఆ రాతిబండిని చూపుడు. ఆ దున్నలను, ఆ తోయువారిని, ఆ బరువును గూర్చి వానికి తెలుగున చెప్పుడు.