జనమున్న చోటికే అంగడి

మన పెద్దలు పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినపుడు ఏ పట్టణము చేరవలెనో ఎట్లు నిశ్చయించుకొనిరి? అక్కడ అంతకుముందే ఒక బంధువో, మన ఊరివాడో స్థిరపడి యుండుటయే చాలమందికి కారణము. ఒక కుటుంబము వెనుక పది కుటుంబములు వచ్చినవి. జనము పెరిగిన పిదప అంగళ్ళు వెలసినవి. సామాజిక మాధ్యమ సంస్థల ఇరువదేండ్ల చరిత్రయు ఇట్టిదే.

అమెరికాలో 2003లో మైస్పేస్ వెలసినది. దానిని నడుపు సంస్థను 2005లో న్యూస్ కార్పొరేషన్ 58 కోట్ల డాలర్లకు కొన్నది. 2004 జనవరిలో గూగుల్ వారు ఆర్కుట్‌ను ప్రారంభించిరి. మరుసటి నెలలోనే హార్వర్డు విద్యార్థులు కొందరు ఫేస్‌బుక్‌ను స్థాపించిరి. 2006 సెప్టెంబరులో అది అందరికిని తలుపులు తెరచినది. మన దేశమున మొదట ఆదరణ పొందినది ఆర్కుటే. కాని స్నేహితులు, చుట్టములు ఒక్కొక్కరే ఫేస్‌బుక్‌నకు తరలిపోగా మిగిలినవారికి అక్కడ పలుకరించువారు కరవైరి. 2011లో మైస్పేస్ సుమారు మూడున్నర కోట్ల డాలర్లకే అమ్ముడుపోయినది. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినది.

వీనిలో చేరుటకు రుసుము లేదు. మరి ఆదాయ మెక్కడిది? తిరునాళ్ళలో దుకాణదారు నేలకు అద్దె చెల్లించినట్లు, ఇక్కడ ప్రకటనకర్తలు చెల్లింతురు. ఎంత జనము వచ్చిరి, ఎంతసేపు నిలిచిరి అనుదానినిబట్టి రాబడి. ఫేస్‌బుక్ సంస్థకు 2021 నుండి మెటా అని పేరు. 2024లో దాని ఆదాయము సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97 పాళ్ళకు పైగా ప్రకటనలవలన వచ్చినదే.

కనుకనే జనము మరొక చోటికి తరలునేమోనని వారికి నిత్యము బెంగ. 2012లో ఫేస్‌బుక్ వారు ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు, 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు బేరమాడిరి. స్నాప్‌చాట్ వారు 2013లో అమ్మమనిరి. 2016లో ఆ స్టోరీల పద్ధతినే ఇన్‌స్టాగ్రామ్ అనుసరించినది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినది. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశమున అడుగిడినవి. ఖాళీయైన సంతలో చోటు పట్టుట కింత తొందర!

వాట్సాప్ స్థాపకులు ప్రకటనలు అమ్మబోమని 2012లో వ్రాసిరి. సంస్థ చేతులు మారినది. 2025 జూన్‌లో స్టేటస్‌ల నడుమ ప్రకటనలు వచ్చునని కొత్త యజమానులు తెలిపిరి.

నేడు మన పెండ్లిపిలుపులు, పిల్లల ఫోటోలు, సంఘ సమాచారములు, స్వస్థలములోని బంధువుల క్షేమములు ఈ చోటులందే యున్నవి. వానిని విడువుమని చెప్పుట తగదు. చుట్టము లున్న చోట మనము నుందుము. అయితే మన పెద్దలు అద్దెయిండ్లలో నుండియు సంఘములు, గ్రంథాలయములు, బడులు స్వంతముగా నేర్పరచుకొనిరి. అట్లే ముఖ్యమైన చిత్రములకు, చిరునామాలకు, సంఘ వృత్తాంతములకు ఒక ప్రతి మన చేత నుండవలెను. ఈ సంవత్సరాదికి ప్రతి కుటుంబమును ఆ పనికి పూనుకొనిన, ఏ అంగడి మూతపడినను మన చరిత్ర మనకు మిగులును.