ధాత కరువు – గుండ్లకమ్మ – నా విశ్వాసం

విశ్వాసికి చరిత్రతో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతూ ఉంటారు. నాకు ఆ పని ఒక్క మాటవల్ల పడింది. హైస్కూలులో చదివే రోజుల్లో సహాధ్యాయి ఒకడు, "మీవాళ్ళు గంజి కోసం మతం పుచ్చుకున్నారటగా!" అన్నాడు. ఇంటికి వచ్చి తాతగారిని అడిగాను. "మా తాత ధాత కరువు చివర గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందాడురా" అని మాత్రం చెప్పి మౌనం వహించారు. తరువాత ఎన్నో ఏళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించాను గాని, ఆ ముల్లు లోపలే ఉండిపోయింది. పదవీ విరమణ చేశాక తీరిక చిక్కి, ఒంగోలు మిషను చరిత్రను చేతపట్టాను.

మొదట తెలిసినది, కథ కరువుతో మొదలు కాలేదని. జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. ఆ ఏడే మాదిగ కులస్థుడైన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వ్యాపారం చేసుకునే ఈయన అంతకుముందే రాజయోగ సాధన చేసినవాడు. దేవుణ్ణి వెతికి వెతికి వచ్చినవాడు. కొత్త విశ్వాసులు ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను కొలువరాదు. ఊరివారి పనులమీద బ్రతికే జనానికి ఇవి చిన్న నియమాలు కావు. వాటివల్ల ఊళ్ళలో అగచాట్లు పడ్డారు. అయినా కరువుకు ముందే సంఘంలో 3,000 మందికి పైగా చేరారు.

1876-78 నాటి కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకొని, వేలాది మందికి కూలి కల్పించాడు. ఎందరో బాప్తిస్మం కోరినా, అన్నం కోసం వచ్చారన్న అపవాదు రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయం ముగిసింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు దొర నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా, సుమారు తొమ్మిది గంటలపాటు ఆ సంస్కారం జరిపించారు.

ఇది చదివినప్పుడు "గెలిచాను" అనిపించింది. కాని పాఠాన్ని శోధించడం నేర్చిన పండితుణ్ణి గదా, అంతటితో ఆగలేకపోయాను. ఈ వృత్తాంతం మనకు ప్రధానంగా దొరగారి పక్షం నుండే అందింది. నదిలో మునిగిన మా ముత్తాతలకు అక్షరాలు రావు. వారి మనసులో ఏముందో వారు వ్రాసి పెట్టలేదు. కాలువ గట్టున కూలితోబాటు బోధకుల మాటలు, ఆదరణ కూడా దొరికాయి. తమను మనుషులుగా చూసిన చేతిని వారు మరచిపోలేదు. ఆకలికీ ఆ నిర్ణయానికీ ఏ సంబంధమూ లేదని ప్రమాణం చేసి చెప్పలేను.

అయితే విచిత్రంగా, ఆ ఒప్పుకోలే నా విశ్వాసాన్ని బలపరచింది. అయిదువేల మందికి రొట్టెలు పంచిన ప్రభువు, తరువాత వారు రొట్టెల కోసమే తనను వెదకుతున్నారని ఎరిగి ఆ మాట వారి ముఖం మీదే అన్నాడు. ముందుగా తినిపించాడు, ప్రశ్న తరువాత వచ్చింది. అనుదినాహారాన్ని ప్రార్థనలోనే చేర్చినవాడికి ఆకలి సిగ్గుపడవలసిన విషయం కాదు. మరి నేనెందుకు ఇన్నాళ్ళు సిగ్గుపడ్డాను?

చరిత్ర నా పూర్వులను మచ్చలేని మహాత్ములుగా చూపలేదు; అమ్ముడుపోయినవారిగానూ చూపలేదు. ఆకలిగొన్న మనుషులుగా, ఆలోచించి అడుగు వేసినవారుగా చూపింది. తాతగారి మౌనం సిగ్గువల్ల అని చిన్ననాడు అనుకున్నాను. చెప్పడానికి మాటలు చాలక ఊరుకున్నారేమోనని ఇప్పుడు తోస్తున్నది.

ఇటీవల గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్ళి కొంతసేపు కూర్చున్నాను. ఏ వాదనా గుర్తు రాలేదు. పేరు కూడా నాకు సరిగా తెలియని ఆ పెద్దాయనకు మనసులోనే నమస్కరించి లేచి వచ్చాను.