రాయచోటి బౌలరు

క్రికెట్టులో బ్యాటు పట్టినవానికి పేరు, బంతి వేయువానికి చాకిరి. 1945 మార్చిలో బొంబాయిలో జరిగిన రంజీ ట్రోఫీ తుదియాటలో, తెలుగు కుటుంబమువాఁడగు సి.యస్. నాయుడు హోల్కరు జట్టు పక్షమున 917 బంతులు వేసెను. ఒక్క యాటలో అన్ని బంతులు ప్రపంచమున మఱియెవరును వేసియుండలేదు. 11 వికెట్లు తీసియు ఆతని జట్టు ఓడెను.

ఆ చాకిరికి నేఁడు ధర కట్టు తీరు వేఱు. 1998లో కడపజిల్లా రాయచోటి ప్రాంతమున రైతు కుటుంబములో జన్మించిన హరిశంకర్ రెడ్డి ఆంధ్ర జట్టులో మధ్యమవేగమున బంతి వేయు బౌలరు. ఇట్టివారికి ఆడిననాఁటికే కూలి. రంజీ ఆటలో దినమునకు 35 వేల రూపాయలుండెను. 2020–21లో కరోనావలన రంజీ పోటీయే జరుగలేదు. 1934లో మొదలైన పిమ్మట అదియే తొలి విరామము.

ఆ కఱవునాఁడే, 2021 ఫిబ్రవరి 18న, ఐ.పి.యల్. వేలములో చెన్నై సూపర్ కింగ్స్ వారు ఆతనిని 20 లక్షలకు కొనిరి. పరుసలో ఎద్దునకువలె మనిషికి పాటయా యని పెద్దలు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. కాని మెట్టసేద్యపు ఇంటికి 20 లక్షలనఁగా ఎన్ని పంటలో మీకు చెప్పఁబనిలేదు.

ఆ పోటీలో ఒక బౌలరు ఆటకు 24 బంతులకు మించి వేయరాదు. సాధకములో ఆతఁడు జట్టు నాయకుఁడు ధోనీ వికెట్టునే పడఁగొట్టెను. ఆ దృశ్యమును దేశమంతయు చూచెను. అక్టోబరు 15న దుబాయిలో జట్టు కప్పు గెలిచెను. హరిశంకరునకు మాత్రము ఆ పోటీలో ఒక్క బంతియైన వేయు అవకాశము రాలేదు. మరుసటి వేలమునకు ముందే జట్టువారు ఆతనిని విడిచిరి. ఆతఁడు తిరిగి ఆంధ్ర జట్టులో బంతి పట్టెను.